ఉమ చదివి వినిపించని ఇల్లు

జనగామలో రైల్వే స్టేషన్‌కు కాస్త దూరంలో, ఒక పాత పెంకుటింటి ముందుగదుల్లో లీలావతి మేడం ఒక సంస్థ నడిపేది. ఆ సంస్థ చేసే పని విని నవ్వనివాళ్లు తక్కువ. ఎవరూ కొనని పుస్తకాలు అచ్చు వేయడమే దాని పని. కథలు కావు, పాటలు కావు. పొలం మట్టిలో సారం ఎలా పోతుందో చెప్పేది ఒకటి, అడవి భూమికి హక్కు ఎలా అడగాలో చెప్పే చట్టం పుస్తకం ఒకటి, పదిమంది కలిసి సంఘం పెట్టుకుంటే దాన్ని కొట్లాటలు లేకుండా నడపడం ఎలాగో చెప్పేది ఇంకొకటి. రాసేవాళ్లు డాక్టర్లు, వకీళ్లు, రిటైరైన ప్రొఫెసర్లు. పెద్ద చదువులు చదివినవాళ్లకు చిన్న మాట రాయడం ఎంత కష్టమో ఆ రాతప్రతులు చూస్తే తెలిసేది. ఒక్కో వాక్యం గూడ్సు బండి పొడుగు. చివరి డబ్బా వచ్చేసరికి ఇంజను ఏ రంగులో ఉందో మరిచిపోతాం.

ఆ వాక్యాలను దారికి తెచ్చే పని ఉమది. ఆమెది బయ్యారం దగ్గర బోడగుట్ట తండా. మహబూబాబాద్ హాస్టల్లో ఉండి ఇంటర్ దాకా చదివి, ఇక చదివించే దిక్కులేక ఇంట్లో కూర్చున్నప్పుడు లీలావతి మేడం కంటబడింది. రాతప్రతిని సంచిలో పెట్టుకుని తండాలకు పోవడం, పనుల నుంచి వచ్చిన ఆడవాళ్లను కూర్చోబెట్టడం, తెలుగులో ఉన్నదాన్ని అక్కడికక్కడే తండా భాషలోకి మార్చి చెప్పడం ఆమె కొలువు. చెప్పేటప్పుడు కాగితం కంటే ముఖాలు ఎక్కువ చూడాలి. ఎక్కడ ముఖాలు వాడిపోయాయో, ఎక్కడ ఆడవాళ్లు పిల్లల తలల్లో పేలు చూడటం మొదలుపెట్టారో, సరిగ్గా అక్కడ పెన్సిల్‌తో గీత పెట్టాలి. ఆ గీతలతో రాతప్రతి మళ్లీ రాసిన సారు దగ్గరికి పోతుంది. సారుకు కోపం వస్తుంది. లీలావతి మేడం ఫోన్‌లో చాలా మర్యాదగా, "మీరు కోపం చేసుకోండి సార్, కానీ పేలు చూసిన కాడ మాత్రం మార్చి రాయండి," అనేది.

సంఘం నడిపే పుస్తకం చదివిన రోజును ఉమ చాలాకాలం చెప్పుకుని నవ్వింది. సమావేశానికి ఇంతమంది రాకపోతే ఆ సమావేశం చెల్లదని అందులో ఉంది. ఉమ తల్లి గోరీ అది విని, "పిలిస్తె రానోళ్లు ఎవరుంటరే మన తండల? పిలువకపోయినా వస్తరు. వచ్చినోళ్ల నోరు ఎట్ల ఆపాలెనో రాయమను మీ సారును," అంది. సారు నిజంగానే ఆ విషయం మీద ఒక అధ్యాయం కొత్తగా రాశాడు. పుస్తకం మొత్తంలో పనికొచ్చింది అదొక్కటే అని లీలావతి మేడం అనేది.

ఉమ తండ్రి ఆమె చిన్నతనంలోనే పోయాడు. గోరీ పిల్లను ఎత్తుకుని అన్న తులసీరాం ఇంటికి వచ్చేసింది. తులసీరాం తండాకు నాయక్, అంటే పెద్ద. మాట కటువు, చెయ్యి పెద్దది. చెల్లెలికి తన ఇంటి పక్కనే గుడిసె వేయించాడు, మేనకోడలిని హాస్టల్లో చేర్పించాడు, తన కొడుకు ప్రేమ్‌సింగ్‌కే ఇస్తానని ఆ పిల్ల నడక నేర్చే రోజుల్లోనే నలుగురిలో చెప్పేశాడు. ఇలాంటి మాటలు పెద్దయ్యాక పిల్లలకు గుదిబండలవుతాయి. వీళ్లిద్దరికీ మాత్రం ఆ మాటే ముద్దుగా ఉండేది. తనకు ప్రేమ్‌సింగ్ తప్ప వేరే మనిషి ఉండొచ్చని ఉమకు ఎప్పుడూ తోచలేదు. అతనికీ అంతే.

ప్రేమ్‌సింగ్ ట్రాక్టర్ నడిపేవాడు. మక్కలూ పత్తీ కేసముద్రం మార్కెట్ యార్డుకు తోలేవాడు. రెండువేల తొమ్మిది డిసెంబరులో రాష్ట్రం వచ్చినట్టే వచ్చి ఆగిపోయాక మాత్రం ట్రాక్టర్ సగం రోజులే పొలానికి, మిగతా సగం ఉద్యమానికి. కేసముద్రంలో ధర్నా అంటే టెంటు గుంజ పాతే దగ్గరి నుంచి చివరన పరదాలు మడిచే దాకా అతను ఉండాల్సిందే. మైకు చేతికొస్తే వదిలేవాడు కాదు. "మన యాసను సిన్మాలల్ల నవ్వులాటకు పెట్టిన్రు. మా తండ భాషనైతె నవ్వులాటకు గూడ పెట్టలే. అసలు అదొకటి ఉన్నదన్న ఎరుకనే లేదు," అనేవాడు. జనం ఈలలు వేసేవాళ్లు. ఉమ రైలు దిగితే పుస్తకాల మూట అందుకుని, "గివి రాసినోళ్లు మోయరు, సదివేటోళ్లు మోయరు, నడుమ నేనేంది?" అని విసుక్కుంటూ ట్రాక్టర్‌లో పడేసేవాడు. ఆ విసుగు వినడానికి ఉమ అవసరం లేని పుస్తకాలు కూడా రెండు మోసుకొచ్చేది. వచ్చే ఎండాకాలం పెళ్లి అనుకున్నారు.

అలాంటి రోజుల్లో రక్తం పుస్తకం వచ్చింది. తలసీమియా అనే జబ్బు గురించి ఒక డాక్టరు రాసింది. ఒంట్లో రక్తం నిలవని జబ్బు, పుట్టిన ఏడాదిలోపే బయటపడుతుంది, బతికినన్నాళ్లూ పిల్లలకు నెలనెలా ఇంకొకరి రక్తం ఎక్కిస్తూ ఉండాలి. తండాల్లో ఇది ఎక్కువగా కనిపిస్తున్నా ఇదేమిటో తెలిసినవాళ్లు లేరని, తొందరగా చదివి వినిపించమని మేడం పంపింది. డాక్టరు 'వాహకులు' అని రాశాడు. ఆ మాట దగ్గర తండా మొత్తం పేలు చూసింది. ఉమ నానా తంటాలు పడి వివరిస్తుంటే గోరీ అందుకుని చెప్పేసింది. "ఒకని నెత్తి మీద మూట ఉంటది. ఆనికి బరువు దెల్వదు. తింటడు, తిరుగుతడు, పని జేస్తడు. తల్లికో మూట, తండ్రికో మూట ఉంటె, రెండు మూటలు ఒక్క పోరని మీద పడొచ్చు. గంతేనా?" అంతే. ఇద్దరికీ మూటలుంటే ప్రతి కాన్పులోనూ నాలుగింట ఒక పాలు ఆ ప్రమాదం ఉంటుంది. ఒక్కరికే ఉంటే బిడ్డకు ఆ జబ్బు రాదు. డాక్టరు ఈసారి కోప్పడకుండా మూట మాటనే పుస్తకంలో పెట్టుకున్నాడు.

మూట ఉన్నదీ లేనిదీ రక్తం చూస్తే తెలుస్తుంది. సంస్థ తరఫున ఒక మనిషి తండాకు వచ్చి రక్తం తీసి, ఐసుపెట్టెలో పెట్టి, రైల్లో హైదరాబాద్ ల్యాబుకు పంపేలా మేడం ఏర్పాటు చేసింది. ఉమ తనకు తానే ఒక కట్టడి పెట్టుకుంది. ఏ ఇంట్లో సంబంధం మాట మొదలైనా, వరపూజకు ముందే ఆ ఇంటికి పోవాలి, కూర్చుని ఆ అధ్యాయం చదవాలి, పిల్లాడిదీ పిల్లదీ రక్తం పంపించాలి. పిలుపు కోసం చూడకూడదు. పక్క తండాలో అలాగే ఒక జంటకు చదివింది. ఇద్దరికీ మూటలున్నాయని తేలి పెద్దలు సంబంధం వదులుకున్నారు. ఆ పిల్ల ఏడ్చిన ఏడుపు ఉమ కళ్లముందే జరిగింది.

సొంత తండాలో భయపడి ఎవరూ ముందుకు రాకపోతే ఉమే మొదట చెయ్యి చాపింది. వెనకే ప్రేమ్‌సింగ్ నిలబడి, "మంచిగ మూత పెట్టుకోని తీస్కపో తమ్మీ, గిది ఉద్యమం రక్తం," అన్నాడు. అందరూ నవ్వారు. ఆ నవ్వులతోనే తండా అంతా వరస కట్టింది.

ఫలితాలు జనగామ ఆఫీసుకు వచ్చాయి. ఉమకు మూట ఉంది. ప్రేమ్‌సింగ్‌కూ ఉంది.

లీలావతి మేడం ఆమెను పక్కన కూర్చోబెట్టుకుని ఆ అధ్యాయంలోనే తర్వాతి పేజీలు తిప్పింది. "ఇట్ల చూడు. పెళ్లి చేసుకోవద్దని ఎక్కడా లేదు. కడుపుల ఉండంగనే పరీక్ష చేస్తరు. తెలిసి చేసుకున్నోళ్లు, మంచిగున్నోళ్లు ఎంతోమంది," అంది.

"నాకు తెలుసు మేడం. ఆ పేజీ నేనే చదివి వినిపిస్త అందరికి," అంది ఉమ. "పక్క తండ పిల్లకు గూడ వినిపించిన. అయినా పెద్దలు వద్దనుకున్నరు. నా మాట మీద ఆ పిల్ల ఇడిసిపెట్టుకున్నది. ఇప్పుడు నేను చేసుకుంటె, ఆ ఇంటి ముంగట నుంచి ఎట్ల నడువాలె?"

ఆమె మొండిది. చదువుకున్న మొండితనం మామూలు మొండితనం కంటే చెడ్డది, ఎందుకంటే దానికి కారణాలు కూడా దొరుకుతాయి. లోపల భయం కూడా ఉంది, అది నిజం. అత్త వచ్చి కడుపు చూసి మురిసిపోతుంటే, ఈ కడుపు ఉంచుకోవాలో లేదో పరీక్ష చెప్పాలి అని ఎలా అనడం? అయినా తన వల్ల పుట్టే బిడ్డ ఒంట్లో నెలనెలా సూది గుచ్చాల్సి వస్తే చూడలేనన్నదే అన్నిటికంటే పెద్ద కారణం. ప్రేమించిన మనిషిని వదులుకుంటే ఒక పసిప్రాణానికి నొప్పి తప్పుతుందని ఆమె నమ్మింది. అంత నమ్మకం లేకపోతే వదులుకునేది కాదు.

ప్రేమ్‌సింగ్‌కు కేసముద్రం యార్డులో, మక్కల కుప్పల పక్కన నిలబడి చెప్పింది. అతను ట్రాక్టర్ టైరుకంటిన మట్టిని కాలితో రాల్చాడు.

"పిల్లలే వద్దు. నువ్వుంటె సాలు నాకు," అన్నాడు.

"నీకు సాలు. మామకు, అత్తకు? ఒక్క కొడుకువి."

"మా బాపు నిన్ను సదివిచ్చింది గిందుకేనా ఉమా? పుస్తకం నిన్ను పెంచలే. మేము పెంచినం."

ఆ మాటతో ఉమ రైలెక్కి జనగామ దాకా ఏడుస్తూనే పోయింది. ఎదుటి సీట్లో ముసలమ్మ ఎవరైనా పోయారా బిడ్డా అని అడిగితే అవునని చెప్పింది.

గోరీ నెలల తరబడి కూతురితో మాట్లాడలేదు. అన్న పెట్టిన అన్నం తిని, అన్న కొడుకునే కాదన్నందుకు ఆమెకు తల ఎత్తుకోవడం కష్టమైంది. తులసీరాం మాత్రం మేనకోడల్ని ఒక్క మాట అనలేదు. అతను నాయక్ కదా, జరిగినదాన్నంతా విచారించి తీర్పులాగే చెప్పాడు. "మేనరికమే తప్పని పుస్తకంల ఉన్నదంట. దగ్గరి నెత్తురు కలువొద్దంట. దూరం పిల్లను తెస్త, పాయె," అన్నాడు.

తండా మొత్తానికి అది సబబుగా అనిపించింది. పుస్తకంలో మేనరికాల గురించి అర పేజీ ఉన్న మాట నిజం. దగ్గరివాళ్లయితే ఇద్దరి నెత్తినా ఒకే మూట ఉండే అవకాశం ఎక్కువని ఆ అర పేజీ చెబుతుంది. మిగిలిన అధ్యాయమంతా వదిలేసి తండా ఆ అర పేజీనే పట్టుకుంది. గోత్రం వేరైతే చాలు, నాలుగు ఊళ్లు దాటి పిల్లను తెస్తే చాలు, మూట అక్కడే ఆగిపోతుందనుకున్నారు. తరతరాలుగా గోత్రాలు లెక్క చూసుకుని సంబంధాలు కలుపుకునే జనానికి అంతకంటే న్యాయమైన ఆలోచన ఏముంటుంది? చిట్యాల వైపు నల్లరాళ్ల తండాలో అనిత అనే పిల్లను చూశారు. గోత్రం వేరు, చుట్టరికం ఏ వైపు నుంచీ లేదు. అక్కడి నీళ్లు వేరు, మన్ను వేరు, ఇంకెక్కడి మూట అని ఆడవాళ్లు గోరీతోనే అన్నారు.

ఉమకు తెలుసు, అది తప్పు. మూట ఊరిది కాదు, గోత్రానిది కాదు. ఎంత దూరం పిల్లయినా రక్తం చూస్తే తప్ప తెలియదు. పైగా ప్రేమ్‌సింగ్‌కు మూట ఉన్నదని ఇప్పటికే తేలింది కాబట్టి ఆ పిల్ల రక్తం ఒక్కటి చూస్తే చాలు. ఆమెకు లేకపోతే ఇక దిగులే లేదు. ఇంత చిన్న పని.

సకల జనుల సమ్మె నడుస్తున్న రోజులవి. బస్సులు లేవు, ఆఫీసులు లేవు, బడులు లేవు. రోడ్ల మీద వంటలు, పట్టాల మీద బతుకమ్మలు. ప్రేమ్‌సింగ్ కేసముద్రం పట్టాల మీద కూర్చుని పోలీసు వ్యానెక్కి, మహబూబాబాద్‌లో దిగి, మళ్లీ వచ్చి పట్టాల మీద కూర్చునేవాడు. అలాంటి ఒక పగటిపూట ఉమ రక్తం పుస్తకం సంచిలో పెట్టుకుని, దొరికిన జీపులెక్కి, చివరి దూరం నడిచి, బోడగుట్ట తండా చేరింది. నేరుగా తులసీరాం ఇంటికే బయల్దేరింది. కొత్త సంబంధం కుదిరిన ఇల్లు, వాకిట్లో ఆడవాళ్లు జొన్నలు చెరుగుతున్నారు. గోడ మలుపు తిరగబోతుంటే ఒకావిడ గొంతు వినిపించింది.

"ఉమ వస్తున్నదట తండకు."

"ఎందుకు రాదు? తను వద్దని పారేసిందాన్ని ఇంకొకతె ఏరుకుంటుంటె ఓరుస్తదా? ఏదో ఒక పుస్తకం సూపిచ్చి గిది గూడ సెడగొడ్తది, సూడుండ్రి."

చాటల చప్పుడు, నవ్వులు. ఉమ ఆ గోడ పక్కనే నిలబడిపోయింది. ఇంకా ఒక్క మాటయినా అనలేదు, అప్పుడే ఆమెకు పేరు పెట్టేశారు. అన్నవాళ్లు చెడ్డవాళ్లా అంటే కాదు, వాళ్లలో ఒకావిడ ఉమకు చిన్నప్పుడు పాలిచ్చింది కూడా. ఈ కథలో దుర్మార్గులెవరైనా ఉంటే బాగుండేది, తిట్టుకోవడానికైనా ఒకరుండేవారు. ఆ మాటలో అబద్ధం పూర్తిగా లేదని ఉమకే తెలుసు. ప్రేమ్‌సింగ్ పక్కన ఇంకో పిల్ల నిలబడుతుందంటే ఆమె గుండెకాయ పిండినట్టయ్యేది. అందుకే ఆ మాట ఆమెను అంతగా కోసింది. నిజంగా మనసులో ఏమీ లేనిదైతే నవ్వి లోపలికి పోయేది.

ఆమె వెనక్కి తిరిగింది. పుస్తకం సంచిలోనే ఉంది.

లీలావతి మేడం మరచిపోలేదు, అడిగింది. "మీ మామ ఇంట్ల చదివినవా?" అంటే, "రైళ్లు లేవు గద మేడం, రక్తం పోయినా ల్యాబుకు అందదు," అంది ఉమ. ఆ వారం అది నిజమే. తర్వాత సమ్మె ఆగింది, రైళ్లు తిరిగాయి, ఐసుపెట్టెలు మళ్లీ హైదరాబాద్ పోయాయి. ఉమ ఎన్నో ఇళ్లకు పోయింది, ఆ అధ్యాయం ఎన్నోసార్లు చదివింది. మేడంను పంపిద్దామా అనుకుంది ఒకసారి. మేడం వస్తే ఎవరు పంపారో తండాకు తెలియదా? ప్రేమ్‌సింగ్‌కే ఫోన్ చేద్దామనుకుని అతని పేరు దాకా పోయి ఆగింది. రేపు చెబుదాం, వరపూజ అయ్యాక చెబుదాం, పెళ్లికి ముందు చెబుదాం అనుకుంటూనే ఎండాకాలం వచ్చేసింది.

పెళ్లికి ఆమె పోక తప్పలేదు. పోకపోతే అదొక మాట. నల్లరాళ్ల తండాలో పెళ్లికూతుర్ని పంపించే వేళ ఆడవాళ్లు ఢావ్లో మొదలుపెట్టారు. అది పాటా కాదు, ఏడుపూ కాదు, రెండూ. పెళ్లిపిల్ల ఒక్కొక్కరి మెడ పట్టుకుని, రాగం తీసి, వాళ్లతో తనకున్న బంధమంతా చెప్పుకుని ఏడుస్తుంది. పట్టుకున్నవాళ్లూ రాగంలోనే జవాబు చెప్పాలి. అనిత తల్లి మెడ వదిలి, మేనత్తల మెడలు వదిలి, తీసుకుపోవడానికి వచ్చిన ఆడవాళ్ల దాకా వచ్చి ఉమ మెడ పట్టుకుంది. సన్నటి పిల్ల, చేతులు చల్లగా ఉన్నాయి. మీ తండా దారులు నాకు తెలియవు అక్కా, మీ ఇంటి మనుషుల మనసులు తెలియవు, నాకు తెలియనిది చెప్పేవాళ్లు అక్కడ ఎవరు అక్కా అని ఏడ్చింది. అందరు పెళ్లిపిల్లలూ ఏడ్చే మాటే అది, ఎవరో పెద్దావిడ నేర్పి ఉంటుంది. ఉమ కూడా ఆనవాయితీ ప్రకారమే, నేనున్నాను చెల్లీ, నేను చెబుతాను అని రాగం తీసింది. ఆ పూట ఉమ ఏడ్చినంతగా పెళ్లిపిల్ల కూడా ఏడవలేదని చూసినవాళ్లు అన్నారు. ఎందుకేడ్చిందో తమకు తెలుసనుకున్నారు.

మరుసటి ఏడాది ఆడపిల్ల పుట్టింది. పల్లవి అని పేరు పెట్టారు. తులసీరాం తండా అంతటికీ మేకను కోశాడు. ఉమకూ అనితకూ ఈలోగా మంచి స్నేహం కుదిరింది, అదొక విచిత్రం. అనితకు పాత సంగతి తెలుసు, అయినా ఎప్పుడూ ఎత్తేది కాదు. ఆ తండా మనుషుల్లో తాను మొట్టమొదట మెడ పట్టుకుని ఏడ్చింది ఉమనే కదా అన్నట్టుండేది. బిడ్డ పుట్టాక వచ్చిన ప్రతిసారీ ఉమ మొదట పాప అరచేతులు చూసేది. మొదట్లో ఎర్రగానే ఉన్నాయి. నాలుగింట మూడు పాళ్లు మంచే జరుగుతుందని, అసలు అనితకు మూటే లేకపోవచ్చని తనకు తాను చెప్పుకునేది.

చలికాలంలో ఒకసారి వచ్చేసరికి అనిత పాపను ఒళ్లో వేసుకుని, "పాలు తాగుతలేదక్క. ఊకెనే పండుకుంటున్నది. ఆరెంపీ సారు జలుబన్నడు," అంది. ఉమ పాప కింది కనురెప్పను వేలితో మెల్లగా కిందికి లాగి చూసింది. లోపల ఎరుపన్నది లేదు. కడుపు ఎడమ పక్కన చెయ్యి పెడితే గట్టిగా తగిలింది. పుస్తకంలో ఉన్నది ఉన్నట్టే ఉంది. ఆ పేజీ ఆమెకు కంఠతా వచ్చు. పాపను అందించేసి, గోరీ గుడిసెలోకి పోయి, గోడకు తల ఆనించి నిలబడింది.

ఈసారి రక్తాలు పంపడానికి ఎవరి మాటకూ భయపడలేదు. అనితకు మూట ఉంది. పాప మీద రెండూ పడ్డాయి.

ప్రేమ్‌సింగ్ ఎవర్నీ తిట్టలేదు. తిడితే ఉమకు కాస్త ఊపిరాడేది. అతను రక్తం పుస్తకం అడిగి తీసుకుని, వాకిట్లో కూర్చుని, వేలు పెట్టుకుంటూ మొదటి నుంచి చదివాడు. రక్తం ఎక్కించేకొద్దీ అందులోని ఇనుము ఒంట్లో పేరుకుపోతుందని, దాన్ని తీయడానికి వేరే మందు వాడాలని రాసినచోట ఆగిపోయాడు. బయ్యారం ఇనుము మనది, ఒక్క రాయి కూడా పోనియ్యం అని మైకులో అరిచిన మనిషి అతను. "ధర్నా జేద్దామంటె ఎవరి ముంగట కూసోవాలె దీనికి?" అన్నాడు తండ్రితో. తులసీరాం మొహం పక్కకు తిప్పుకున్నాడు. దూరం పిల్లను తెస్తానన్న తీర్పు ఆయనదే. ఆ తర్వాత ప్రేమ్‌సింగ్ సభలకు పోవడం మానేశాడు. రాష్ట్రం బిల్లు గట్టెక్కిన రోజు కేసముద్రంలో టెంటు వేరేవాళ్లు కట్టారు.

నెలనెలా పాపను హైదరాబాద్ తీసుకుపోయి రక్తం ఎక్కించడం మొదలైంది. ప్రేమ్‌సింగ్‌కు ట్రాక్టర్ పని ఆగితే ఇల్లు గడవదు కాబట్టి అనితతో ఉమే పోయేది. ఆసుపత్రిలో సూది దొరకని చేతిని పట్టుకుని కూర్చునేదీ ఉమే. ఏ పసిపిల్లకు ఆ సూది తప్పించాలని తన బతుకును చేజేతులా పక్కన పెట్టిందో, ఆ పసిపిల్ల ఎదురుగా పడుకుని ఏడుస్తుంటే చూడాల్సి వచ్చింది. తనకు పుట్టలేదు, అంతే తేడా. అదేమీ తేడా కాదని ఆమెకు ప్రతి నెలా తెలిసొచ్చేది.

జూన్ రెండో తారీఖున, రాష్ట్రం వచ్చిన రోజునే, వాళ్లు తిరుగు ప్రయాణంలో ఉన్నారు. రక్తం ఎక్కిన మరునాడు పల్లవి హుషారుగా ఉంటుంది. బుగ్గలకు రంగు వచ్చి, కిటికీ ఊచలు పట్టుకుని ఎగురుతోంది. దారి పొడుగునా స్టేషన్లలో గులాల్, డప్పులు, జెండాలు. జనగామలో రైలు ఆగగానే డబ్బాలోకి జనం ఎక్కేశారు. ఒకాయన లడ్డూల పళ్లెం పట్టుకుని సీటు సీటుకూ తిరిగాడు. పల్లవి చేతిలో ఒకటి పెట్టి, నుదుట గులాల్ రాసి, "సొంత రాష్ట్రంల పెరిగే పిల్లవు బిడ్డా. నీకేం తక్కువ?" అన్నాడు. ఆయన కళ్లలో నీళ్లున్నాయి. అనిత కూడా నవ్వింది. ఉమ జనగామలో దిగాల్సింది, దిగలేదు.

రైలు కదిలి, డప్పులు వెనకబడ్డాక, అనిత పాప మూతికంటిన లడ్డూ తుడుస్తూ మామూలుగానే అడిగింది.

"అక్కా, సంబంధం కుదిరిన ప్రతి ఇంటికి నువ్వు పుస్తకం పట్టుకోని పోతవట గదా. తండల అందరు చెప్తరు. పిలువకపోయినా పోతవట. మా పెండ్లి ముంగట ఎందుకు రాలే?"

ఇన్ని నెలలుగా ఈ ప్రశ్న వస్తుందని ఉమ ఎదురు చూస్తూనే ఉంది. రైళ్లు లేవనే మాట నోటి దాకా వచ్చింది. ఎదురుగా పాప ఉంది. ఆ మాట మింగేసి నిజం చెప్పింది.

"వచ్చిన చెల్లె. గోడ దాక వచ్చిన. నేను ఓర్వక సెడగొట్టనీకి వచ్చిన్నని వాకిట్ల అనుకుంటున్నరు. గా మాట పడలేక మర్లిపోయిన."

అనిత కోప్పడలేదు, ఏడవలేదు. పాప వేళ్లు ఒక్కొక్కటే తుడిచింది, చెప్పిన కారణాన్ని లెక్కలో ఎక్కడ పెట్టాలో చూస్తున్నట్టు.

"అననిస్తె అయిపోతుండె గదక్కా," అంది చివరికి. "నలుగురు నాలుగు దినాలు అందురు."

అలా అనేసి, చెయ్యి కడుక్కుని వస్తానని పాపను ఉమ ఒళ్లో కూర్చోబెట్టి లేచింది.